నాలుగు నెలల నీళ్ళు

పాతపట్నం పాత బజారులో రంగనాథం ఇంటికీ కూర్మనాథం మేస్టారి ఇంటికీ నడుమ ఒకటే నుయ్యి. పెరటి గోడ సరిగ్గా దాని మీదుగా పోతుంది. అటు గిలక వాళ్ళది, ఇటు గిలక వీళ్ళది. తవ్వించింది ఎవరి తాతో ఇప్పుడెవరికీ గుర్తులేదు గాని, తోడుకోవడంలో రెండిళ్ళకీ ఏనాడూ పేచీ రాలేదు. రంగనాథం కూతురు విశాలి చిన్నప్పుడు ఇటునుంచి చేద వేస్తే, అటునుంచి మేస్టారి భార్య లక్ష్మీకామేశ్వరి తన చేదతో దాన్ని టంగుమని కొట్టి, "ఒసే, నీళ్ళన్నీ నువ్వే తోడేస్తన్నావు, మాకేటి మిగులుస్తావే?" అనేది.

2015 జూలైలో ఒక ఆదివారం విశాలి ఆ నూతిలోంచి రెండు సీసాల నీళ్ళు పట్టి, ఐసు పెట్టెలో పెట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కింది.

ఆమె శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు పరిశోధన కేంద్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. పని విచిత్రమైనదే. సముద్రంలో బతికే ఒక రకం బాక్టీరియా ఉంది, ఆరోగ్యంగా ఉన్నంతసేపు అది చీకట్లో పచ్చనీలంగా వెలుగుతుంది. విషం తగిలితే ఆ వెలుగు తగ్గిపోతుంది. దాన్ని పొడిగా ఎండబెట్టి చిన్న చిన్న సీసాల్లో అమ్ముతారు. చల్లటి ఉప్పునీళ్ళు పోస్తే మళ్ళీ లేచి వెలుగుతుంది. పరీక్షించాల్సిన నీళ్ళలో దాన్ని కలిపి, పదిహేను నిమిషాలాగి, వెలుగు కొలిచే యంత్రంలో పెడితే ఆ నీళ్ళలో ఎంత విషముందో అంకెల్లో తెలుస్తుంది.

విశాలి చూస్తున్నది లోహాల సంగతి. జింకు, రాగి, నికెల్, క్రోమియం. ఒక్కో లోహమూ విడిగా ఉంటే బాక్టీరియాకి పెద్దగా ఏమీ కాని మోతాదుల్లోనే, నాలుగూ కలిస్తే వెలుగు సగానికి సగం పడిపోతోందని మూడేళ్ళుగా ఆమె లెక్కలు కట్టి చూపిస్తోంది. ప్రభుత్వం పెట్టిన హద్దులు మాత్రం ఏ లోహానికి ఆ లోహానికే విడివిడిగా ఉంటాయి. రోజూ విజయనగరం నుంచి రైల్లో వచ్చే ఆమె గైడు పద్మకుమారి మేడం ఈ మాటే పిల్లలకి నూరిపోసేది. "జనం పట్టికలో గడులు తాగరమ్మా. గ్లాసులో నీళ్ళు తాగుతారు. అన్నీ కలిసే లోపలికెళ్తాయి."

ఫ్యాక్టరీల దగ్గరి వాగుల నీళ్ళని పరీక్షించాక, పోల్చి చూడడానికి ఏ ఫ్యాక్టరీ లేని చోటు నుంచి శుభ్రమైన నీళ్ళు కావలసి వచ్చాయి. పాతపట్నంలో ఫ్యాక్టరీలు లేవు. పుట్టినప్పటి నుంచీ చూసిన నుయ్యి. అంతకంటే నమ్మకమైన నీళ్ళు విశాలికి తట్టలేదు.

మర్నాడు పదకొండు గంటలకి, తలుపులు మూసిన చీకటి గదిలో, ఆ నీళ్ళకి వెలుగు నూటికి యాభైనాలుగుకి పడిపోయింది.

సీసా సరిగా కడగలేదనుకుంది. రెండో సీసాలోవి తీసింది. యాభైరెండు. బాక్టీరియా పాతబడిపోయిందేమోనని కొత్త సీసా విప్పింది. యాభైమూడు. పక్క గొట్టంలో పోసిన మామూలు ఉప్పునీళ్ళ బాక్టీరియా మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. ఆ రెండు గొట్టాలనీ చేతిలో పట్టుకుని కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది విశాలి. అప్పుడు గుర్తొచ్చాయి పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్న తొట్లు.

రంగనాథానిది మూడు తరాల ఇత్తడి సామాన్ల కొట్టు. స్టీలు వచ్చి ఇత్తడి బేరం పడిపోయాక, 2009లో పెరట్లో పూత పని మొదలెట్టాడు. దీపపు కుందులకి, దేవుడి పళ్ళేలకి నికెల్ పూత. మోటారుసైకిళ్ళ సామాన్లకి క్రోమియం మెరుపు. ఒడిశా వైపు నుంచి కూడా సరుకొచ్చేది. పూత వేసిన సామాన్లు కడిగిన నీళ్ళు ఒక ఇంకుడు గుంతలోకి పోయేవి. గుంతకీ నూతికీ మధ్య పాతికడుగుల దూరం. విశాలి ఆరేళ్ళుగా ఆ గుంత పక్కనుంచే నడిచింది. లోహాల విషం మీద పుస్తకాలు చదువుతూ, సెలవులకి ఇంటికొచ్చి, ఆ గుంత పక్కనే బట్టలారేసింది.

లోహాల లెక్క వారంలో వచ్చింది. నాలుగూ ప్రభుత్వం హద్దులోపలే ఉన్నాయి. జింకు హద్దులోపల, రాగి హద్దులోపల. నికెల్, క్రోమియం హద్దుకి ఆనుకుని ఉన్నాయి గాని దాటలేదు. ఆ కాగితం చూడగానే విశాలికి ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకే తర్వాత చాలాకాలం తనని తాను తిట్టుకుంది. ఎందుకంటే ఆ కాగితం అబద్ధపు ధైర్యమని రుజువు చేసినది ఆమే. తన థీసిస్ మూడో అధ్యాయంలో.

శనివారం ఇంటికెళ్ళింది. తల్లి పార్వతీదేవి మూలనున్న కొన్న నీళ్ళ టిన్నులోంచి గ్లాసు పట్టి ఇచ్చింది.

"అమ్మా, మనం టిన్ను నీళ్ళు ఎప్పట్నుంచి తాగుతన్నాం?"

"నాలుగేళ్ళయింది కదే. నూతి నీళ్ళు ఇనప వాసనొస్తన్నాయి, తాగొద్దన్నారు మీ నాన్న. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు."

విశాలి గ్లాసు కింద పెట్టి షెడ్డులోకి నడిచింది. రంగనాథం తొట్టిలోంచి దీపపు కుందిని కొక్కెంతో పైకి తీసి, వెలుగులో తిప్పి చూసుకుంటున్నాడు. కూతురు చెప్పిందంతా కదలకుండా విన్నాడు.

"హద్దు దాటిందా?" అన్నాడు చివరికి.

"దాటలేదు. కానీ నాన్నా, నాలుగూ కలిస్తే..."

"దాటలేదు కదా. మరేటి నీ బాధ?"

"మనం తాగడం మానేశాం. వాళ్ళు తాగుతన్నారు. మేస్టారు వాళ్ళకి ఎందుకు సెప్పలేదు?"

రంగనాథం కుందిని గుడ్డ మీద పడుకోబెట్టాడు. "వాసనొస్తన్నాదని మానేశాను. విషమని తెలిసి మానలేదు. నా గుంతలో నేను పోసుకున్నాను గాని ఒకళ్ళ పెరట్లో పొయ్యలేదు తల్లీ. ఇప్పుడు నువ్వెళ్ళి గోడ మీంచి సెప్పేవనుకో, రేపు ఊరంతా వస్తాది. లక్ష్ముడూ ఆడితోటి ఇంకో నలుగురూ ఈ షెడ్డు మీదే బతుకుతన్నారు. నీ సదువూ దీని మీదే నడుస్తన్నాది." ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఒక ఏడాది ఆగు. తొట్లు ఊరవతలకి మార్చేస్తాను," అన్నాడు.

ఆయన అరిచి ఉంటే విశాలి కూడా అరిచేదేమో. ఆయన బతిమాలాడు.

ఆ సాయంత్రం ఆమె పెరట్లో ముఖం కడుక్కుంటుంటే గోడవతల నుంచి కూర్మనాథం మేస్టారు పలకరించాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. విశాలికి పదో తరగతి దాకా ఇంట్లో కూర్చోబెట్టి లెక్కలు నేర్పింది ఆయనే.

"ఏటే అమ్మాయీ, మొన్న నూతి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళావట. మీ కామేశ్వరి పిన్ని చెప్పింది. ఏటి తేల్చారు మీ లాబులో? మేం తాగొచ్చా?"

సరదాగానే అడిగాడు. ఆయన వెనక అరుగు మీద కామేశ్వరి మడిబట్టతో బిందె తోముకుంటోంది. ఆవిడకి టిన్ను నీళ్ళు పనికిరావు, కుళాయి నీళ్ళు పనికిరావు. వంటకీ దేవుడికీ తాగడానికీ నూతి నీళ్ళే, అవీ తన చేత్తో తోడినవే.

విశాలి తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకోవాల్సిన దానికంటే ఎక్కువసేపే తుడుచుకుంది.

"అన్నీ హద్దులోనే ఉన్నాయి మేస్టారూ," అంది.

"విన్నావా కామేశ్వరీ? గవర్నమెంటు ముద్ర పడింది మన నూతికి," అని నవ్వాడాయన.

శ్రీకాకుళం తిరిగొచ్చాక విశాలి ఆ నూతి ఫలితాన్ని పక్కన పెట్టేసింది. ఆమదాలవలస దగ్గర స్నేహితురాలి పొలంలో బోరు నీళ్ళు పట్టుకొచ్చి పరీక్షించింది. వెలుగు తగ్గలేదు. పట్టికలో "శుభ్రమైన నీరు" అన్న చోట ఆ అంకె వేసింది. మేడం చూసి చక్కగా ఉందంది. బాక్టీరియా మనిషి కాదు, దానికి పడనిది మనిషికి పడకూడదని లేదు, అని విశాలి తనకి తాను చెప్పుకుంది. అది నిజమే. నిజమే కాబట్టి ఆ మాటని నాలుగు నెలలు నడిపించగలిగింది.

ఇంటికి వెళ్ళడం మాత్రం తగ్గించేసింది. పనుందనేది. వెళ్ళినా పెరట్లోకి పోయేది కాదు. అటు గిలక కిర్రుమన్నప్పుడల్లా లోపలి గదిలో రేడియో పెట్టుకునేది. ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసి మేస్టారి గుమ్మంలో పడేస్తే చాలని అనుకునేది. రాసింది కూడా, రెండుసార్లు. రెండుసార్లూ చించేసింది. కింద పేరు పెట్టకపోతే ఎవరూ నమ్మరు, పెడితే తండ్రి పేరు పెట్టినట్టే.

నవంబరు ఆఖరి వారంలో మేస్టారు ఫోన్ చేశాడు.

"అమ్మాయీ, మీ పిన్నికి ఒంట్లో బాగులేదు. కాళ్ళు వాచాయి, నిన్న గుడిమెట్ల మీద తూలి పడింది. పర్లాకిమిడి డాక్టరు రక్తం పరీక్ష చేయించి, క్రియాటినిన్ ఎక్కువుందన్నాడు. కిడ్నీలు నెమ్మదించాయట. శ్రీకాకుళంలో ఎవర్ని చూపించాలో నీకేమైనా తెలుసా?"

"ఇప్పుడేటి తింటన్నారు మేస్టారూ పిన్నిగారు?"

"ఏటి తింటాది? కార్తీకం కదా. సోమవారాలు ఉపాసం. పొద్దెక్కింది మొదలు నక్షత్రం చూసేదాకా నీళ్ళే. ఆ నూతి నీళ్ళు చెంబులకి చెంబులు తాగుతాది."

విశాలి మధ్యాహ్నం బస్సుకే బయల్దేరింది. నరసన్నపేట దాటాక ఆమె పక్కనెవరో కూర్చున్నారు, ఎవరో లేచారు, ఆమెకి తెలియలేదు. పాతపట్నంలో దిగి, తన ఇంటి గుమ్మం దాటిపోయి, నేరుగా మేస్టారి ఇంట్లోకి వెళ్ళింది. కామేశ్వరి లోపలి గదిలో నిద్రపోతోంది. మేస్టారు వసారాలో కూర్చుని మందుల చీటీ చదువుతున్నాడు.

చెప్పేసింది. ఎక్కడా ఆగకుండా, షెడ్డు దగ్గర్నుంచి మొదలెట్టి.

మేస్టారు లేచి గోడనున్న క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి, వెనక్కి తిప్పి, పెన్నుతో సహా ఆమె ముందు పెట్టాడు.

"లెక్క చూపించు."

ఆమె నాలుగు లోహాలూ రాసింది. ఒక్కోటీ విడిగా వెలుగుని ఎంత తగ్గిస్తుందో రాసింది. కూడితే ఎంతవ్వాలో రాసింది. నూతి నీళ్ళలో నిజంగా ఎంత తగ్గిందో దాని కింద రాసింది. కూడికకంటే పెద్దదిగా ఉన్న ఆ అంకె మీద మేస్టారు వేలు పెట్టాడు.

"ఇది నీకు జూలైలోనే తెలుసు."

"తెలుసు."

"నేనడిగితే అన్నీ హద్దులోనే ఉన్నాయన్నావు."

"అవి హద్దులోనే... అబద్ధం చెప్పలేదు మేస్టారూ." అన్నాక ఆ మాట తన నోట్లోనే చేదుగా తగిలింది విశాలికి.

"చెప్పలేదు," అన్నాడాయన. "నాకు లెక్క అర్థం కాదనుకున్నావు. నీకు నేర్పినవాణ్ణి నేనే అన్నది మర్చిపోయావు." గొంతు పెంచలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దానికి చెప్పకు. మడి నీళ్ళని ముప్ఫై ఏళ్ళుగా దేవుడికి పెట్టింది, తను తాగింది. ఇప్పుడది తెలిస్తే ఇంకో జబ్బు చేస్తాది."

ఆ సాయంత్రమే నూతి మీద బల్లలు పరిపించాడు. పాము పడిందని భార్యకి చెప్పాడు. ఇవతల నుంచి రంగనాథం చూశాడు. రాత్రి అన్నం దగ్గర కూతురి వైపు చూడకుండా, "ఒక ఏడాది ఆగమన్నాను," అన్నాడు. వారం తిరక్కుండా తొట్లు ఆపేశాడు. గుంతలో పేరుకున్న బురదని విశాఖ నుంచి లారీ పిలిపించి తీయించే ఏర్పాటు విశాలి చేసింది. లారీ వచ్చిన రోజు రంగనాథం కొట్టు తెరవలేదు, గదిలోంచి బయటికి రాలేదు. ఆ తర్వాత రెండు నెలలు కూతురితో అవసరమైతే తప్ప మాట్లాడలేదు.

కామేశ్వరిని శ్రీకాకుళంలో ఆస్పత్రిలో చేర్చారు. విశాలి రోజూ మధ్యాహ్నం వెళ్ళేది. నీళ్ళ వల్లే ఇలా అయిందా అని డాక్టర్ని విడిగా అడిగింది. ఆయన చెప్పలేనన్నాడు. వయసు కావచ్చు, బీపీ కావచ్చు, మోకాళ్ళ నెప్పులకి ఏళ్ళ తరబడి మింగిన మాత్రలు కావచ్చు, నీళ్ళూ కావచ్చు. కాదని ఆయన అనలేదు. విశాలికి ఆ ఒక్కటే మిగిలింది.

నాలుగో రోజు మేస్టారు భోజనానికి బయటికెళ్ళినప్పుడు కామేశ్వరి మంచం మీద లేచి కూర్చుంది.

"ఒసే, నాకొకటి సెప్పు. పాము పడితే నుయ్యి తోడించి కడిగిస్తారు గాని బల్లలేసి మూసేస్తారేటి? మీ మేస్టారు నా మొహం చూసి మాటాడటం లేదు. నువ్వేమో రోజూ వచ్చి ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటన్నావు. ఏటయింది ఆ నీళ్ళకి?"

చెప్పనని విశాలి మేస్టారికి మాటిచ్చింది. కానీ అదే నూతి గురించి ఈ ఇంటి వాళ్ళు అడిగిన ప్రశ్నకి ఒకసారి తప్పించుకుని చెప్పింది. రెండోసారి ఆమె వల్ల కాలేదు. చెప్పింది.

కామేశ్వరి వింటూ దుప్పటి అంచుని మడతలు పెట్టింది. విషం ఏమిటని గాని, తగ్గుతుందా అని గాని అడగలేదు. రంగనాథాన్ని ఒక్క మాట అనలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అంది.

"జూలైలో."

"అంటే ఆషాఢం." ఆవిడ వేళ్ళు మడిచింది. "శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం." నాలుగు వేళ్ళూ మడిచి చేతిని చూసుకుంది. "వినాయక చవితికి మా ఇంటికొచ్చావు. దాహమేస్తన్నాదంటే నూతి నీళ్ళు గ్లాసుతో ఇచ్చాను. తాగావా?"

ఆ రోజు విశాలి గ్లాసు అందుకుని, ఆవిడ ఉండ్రాళ్ళ కోసం లోపలికెళ్ళగానే, ఆ నీళ్ళని తులసికోటలో పోసేసింది.

"లేదు."

కామేశ్వరి దుప్పటి మడతలు విప్పేసి, మెల్లగా పక్కకి తిరిగి పడుకుంది. కాసేపటికి గోడవైపు నుంచే అంది. "వెళ్ళిరండమ్మా. మీకు ఆలస్యమవుతాది."

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోటి నుంచి విశాలి ఆ 'అండి' వినడం అదే మొదలు.

పద్మకుమారి మేడానికి కూడా అదే వారంలో చెప్పింది. మేడం పట్టికని ముందుకి లాక్కుని, "ఆమదాలవలస అంకె తీసెయ్. నీ నూతి అంకె వెయ్యి. ఎవరి నుయ్యో, పక్కనేముందో, నువ్వేం చేశావో అన్నీ రాయి. ఏడాది వెనక్కి పోతావు, పోతే పో," అంది. విశాలి అలాగే రాసింది. ఏడాది కాదు, ఏడాదిన్నర పట్టింది. ఆ అధ్యాయం చదివిన పరీక్షాధికారి ఒకరు, ఈ నీరు తాగినవారికి ఎప్పుడు తెలియజేశారు అని మార్జిన్‌లో ప్రశ్న రాశారు. దానికి కూడా ఆమె తేదీలతో సహా జవాబు రాసి పంపింది.

కామేశ్వరి కోలుకుంది. ఉప్పు మానేసి, మందులు మింగుతూ, మూడు నెలలకోసారి రక్తం పరీక్ష చేయించుకుంటూ తిరుగుతోంది. వీధి చివర కొత్తగా బోరు తవ్వించి, దాని నీళ్ళు ఇంటికి తెప్పించుకుంటున్నారు. విశాలి కనిపిస్తే పలకరిస్తుంది, కుర్చీ వేస్తుంది, కాఫీ ఇస్తుంది. మనిషింటికి మనిషొస్తే ఏం చెయ్యాలో అంతా చేస్తుంది.

2016 ఎండల్లో ఒకరోజు కూర్మనాథం మేస్టారు చెప్పా పెట్టకుండా పరిశోధన కేంద్రానికి వచ్చాడు. చేతిసంచిలో స్టీలు సీసా. అందులో కొత్త బోరు నీళ్ళు.

"దీన్ని చూడు," అన్నాడు. "నా ఎదురుగా చూడు."

విశాలి ఆయన్ని చీకటి గదిలోకి తీసుకెళ్ళి స్టూలు వేసింది. బాక్టీరియాని లేపి, రెండు గొట్టాల్లో పోసి, ఒకదానిలో ఆయన తెచ్చిన నీళ్ళు ఉప్పు కలిపి పోసింది. దీపం ఆర్పాక, కళ్ళు అలవాటు పడేసరికి రెండూ పలచని నీలంగా కనిపించాయి.

"ఎంతసేపు?"

"పదిహేను నిమిషాలు మేస్టారూ."

ఇద్దరూ కూర్చున్నారు. మేస్టారి ఊపిరి కొంచెం ఎగశ్వాసగా వినిపిస్తోంది. బస్టాండు నుంచి ఎండలో నడిచొచ్చినట్టున్నాడు. గడియారం మోగాక ఆమె గొట్టాన్ని యంత్రంలో పెట్టి, తెర ఆయనవైపు తిప్పింది. నూటికి తొంభైఎనిమిది.

"బాగున్నాయి. తాగొచ్చు," అంది.

మేస్టారు అంకెని దగ్గరగా వంగి చూశాడు. దీపం వేయమన్నాడు.

"కాగితం మీద రాసియ్యి. ఏ ఏ లోహం ఎంతుందో అదీ చేయించి రాయి. అన్నీ కలిపితే ఎంతో అదీ రాయి. కింద నీ పేరు, తారీకు వెయ్యి. మీ పిన్నికి చూపించాలి, ఒట్టి మాట మీద తాగనంటన్నాది."

లోహాల లెక్క రావడానికి వారం పడుతుందని ఆమె చెప్పింది. అయితే వారం తర్వాత వస్తానన్నాడు. పోస్టులో పంపుతానంటే వద్దన్నాడు. స్టీలు సీసా కడిగి ఇమ్మని, సంచిలో పెట్టుకుని, నరసన్నపేట బస్సు ఎన్నింటికని అడిగి బయల్దేరాడు. విశాలి గేటు దాకా వెంట వెళ్ళింది. ఆయన వద్దనలేదు, రమ్మనీ అనలేదు.